గేటవతల వాళ్లు, ఇవతల మేం, నడుమ ఎండలో కానిస్టేబులు

చలో అసెంబ్లీ పిలుపు ఇచ్చిన ప్రతిసారీ మన ఊళ్లలో ఒకటే తంతు. తెల్లవారుజామున నాలుగున్నరకో అయిదుకో ఇంటి ముందు బండి ఆగుతుంది. "బాపూ, సార్ రమ్మన్నడు, జర ఠాణాకు వచ్చిపో" అంటాడు వచ్చిన కానిస్టేబులు. ఎందుకు బిడ్డా అని అడిగితే తల దించుకుంటాడు. రాత్రంతా ఇంకెక్కడో డ్యూటీ చేసి వచ్చాడని అతని కళ్లే చెబుతాయి. అతని తండ్రికీ మూడెకరాలుంటుంది, ఆయన పత్తినీ తేమ 12 శాతం దాటిందని కొనుగోలు కేంద్రంలో తిప్పి పంపే ఉంటారు. పొద్దంతా స్టేషన్ బెంచీ మీద మేం, మాకు కాపలాగా అతను. అక్కడ సభ వాయిదా పడ్డాక సొంత పూచీకత్తు మీద సంతకం చేయించుకుని మమ్మల్ని వదిలేస్తారు. అతన్ని వదలరు, రాత్రి గస్తీ ఉంటుంది.

హోంశాఖ పద్దు సభకు వచ్చినప్పుడల్లా మన శాసనసభ్యులు రెండు సంగతులు మాట్లాడతారు. పాలకులు ప్రజలకు అందుబాటులో లేరన్నది ఒకటి. భద్రతా సిబ్బంది కష్టాలు రెండోది. ప్రతిపక్షంలో ఉన్నవారికి మొదటిది గుర్తొస్తుంది, అధికారంలోకి రాగానే రెండోది గుర్తొస్తుంది. కుర్చీలు మారిన రోజున ప్రసంగాల కాగితాలు కూడా ఒకరివి ఒకరు మార్చుకుంటారేమో! ఎవరు మాట్లాడినా అందులో ఒక లెక్క దాగి ఉంటుంది: గేటు తెరిస్తే పోలీసుకు భారం, మూస్తే పోలీసుకు విశ్రాంతి. ఈ లెక్క తప్పని మేం అంటున్నాం. గేటు మూసిన రోజునే ఊరూరా పోలీసుకు నిద్ర ఉండదు.

భద్రత అక్కర్లేదని మేం అనడం లేదు. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగినప్పుడు ప్రాణాలిచ్చింది కాపలా ఉన్న సిబ్బందే. వారితో పాటు ఒక తోటమాలి కూడా పోయాడు. అయితే ఆ దాడి చేసినవాళ్లు హోంశాఖ స్టిక్కరు అంటించిన కారులో వచ్చారు. మహజరు పట్టుకుని ధర్నాకు వచ్చినవాళ్లు కారు. సరిగ్గా 22 ఏళ్ల తర్వాత, 2023 డిసెంబరు 13న, ఇద్దరు యువకులు సందర్శకుల గ్యాలరీ నుంచి లోక్‌సభలోకి దూకి పసుపు రంగు పొగ వదిలారు. వాళ్లకు పాసు ఇచ్చింది ఒక ఎంపీ సిఫారసు మీదనే. ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. ఎనిమిది మంది భద్రతా సిబ్బందిని సస్పెండ్ చేశారు. హోంమంత్రి సభకు వచ్చి జవాబు చెప్పాలని పట్టుబట్టినవాళ్లతో కలిపి ఉభయ సభల్లో 146 మంది ప్రతిపక్ష ఎంపీలను బయటికి పంపారు. పాసుకు సిఫారసు చేసిన సభ్యుడు మాత్రం తన సీటులోనే ఉన్నారు.

ఆ ఖాళీ బెంచీల ముందే, ఆ సమావేశాల్లోనే, భారతీయ నాగరిక్ సురక్షా సంహితతో సహా మూడు నేర చట్టాలు పాసయ్యాయి. 2024 జులై 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. ఇవాళ మనల్ని తెల్లవారుజామున ముందస్తుగా ఎత్తుకుపోవడానికి వాడే 170వ సెక్షన్ అందులోదే. పాత 151వ సెక్షన్‌కే కొత్త నంబరు.

జనాన్ని సభకు దూరం జరపడం ఇవాళ మొదలైన పని కాదు. 1988 అక్టోబరులో మహేంద్రసింగ్ తికాయత్ వెంట వచ్చిన ఉత్తరప్రదేశ్ రైతులు ఎడ్లతో, ట్రాక్టర్లతో పార్లమెంటుకు కూతవేటు దూరంలో ఉన్న బోట్‌క్లబ్ మైదానంలో మకాం వేశారు. తర్వాత కొన్నేళ్లకు అక్కడ ధర్నాలే లేకుండా చేసి అందరినీ జంతర్‌మంతర్‌కు పంపారు. మన దగ్గర 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపును నిరసిస్తూ అసెంబ్లీకి బయలుదేరిన జనం మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిపి ముగ్గురిని పొట్టనపెట్టుకున్నారు. ధర్నాల మీదే రాష్ట్రం తెచ్చుకున్నాక 2017లో ఇందిరాపార్కు ధర్నాచౌక్‌నే మూసేశారు. అది మళ్లీ తెరుచుకోవడానికి హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.

2023 డిసెంబరులో ప్రగతిభవన్ ముందున్న ఇనుప కంచెలు పీకేసి, దాన్ని ప్రజాభవన్ చేసి, ప్రజావాణి పెట్టినప్పుడు మేమూ సంతోషించాం. ఆ మాట దాచుకోం. కానీ అక్కడ పొద్దున్నే వరుసలో నిలబడి ఇచ్చిన భూమి దరఖాస్తు తిరిగి తిరిగి ఏ తహసీల్దారు కాదన్నాడో ఆయన బల్ల మీదికే వస్తోంది. దరఖాస్తు పుచ్చుకోవడం వేరు, జవాబు చెప్పడం వేరు. పైగా ప్రజావాణి జరిగిన వారంలోనే చలో అసెంబ్లీ అంటే ముందస్తు అరెస్టులు! కంచె నగరంలో పోయి మా గుమ్మంలోకి వచ్చింది.

ఇక పోలీసుల సంక్షేమం. హైదరాబాదులోనే ఉన్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 2014లో దేశవ్యాప్తంగా అధ్యయనం చేసి, స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారని, నాలుగింట మూడొంతుల మందికి నెలకు ఒక్క వారాంతపు సెలవు కూడా దొరకడం లేదని తేల్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వారాంతపు సెలవు ప్రకటించారు. అది ఎన్ని స్టేషన్లలో నిలిచిందో ఆ స్టేషన్ల వాళ్లనే అడగండి. హోంగార్డుకు తెలంగాణలో రోజుకు వెయ్యి, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పెంచింది 710 రూపాయలు. అదీ డ్యూటీ పడిన రోజుకే. మన కూలీ లెక్కే.

వాళ్లకు మనలాగా సంఘం పెట్టుకునే స్వేచ్ఛ లేదు, 1966 నాటి చట్టం అడ్డం. 2024 అక్టోబరులో బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కారు. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉంచొద్దని, రాష్ట్రమంతా ఒకే పోలీసు విధానం కావాలని అడిగారు. ఆ నిరసనల తర్వాత 39 మంది సస్పెన్షన్, పది మంది డిస్మిస్. ఆ భార్యలను ఆపడానికి పంపిందీ పోలీసులనే.

సంకెళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 2017లో ఖమ్మం మిర్చి రైతులను సంకెళ్లతో కోర్టుకు తెచ్చారు. 2024 డిసెంబరులో లగచర్ల కేసులో జైల్లో ఉన్న రైతుకు గుండె నొప్పి వస్తే సంకెళ్లతోనే ఆసుపత్రికి తెచ్చారు. మామూలుగా సంకెళ్లు వేయరాదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. రెండుసార్లూ సభలో, బయటా గొడవ అయింది, రెండుసార్లూ కింది అధికారులను సస్పెండ్ చేసి చేతులు కడుక్కున్నారు. ఖమ్మంలో ధర ఎందుకు పడిందో, లగచర్లలో భూమి ఎందుకు అడిగారో నిర్ణయించిన వాళ్లకు ఒక్క మెమో లేదు.

కాబట్టి మేం అడుగుతున్నది పెద్ద పని కాదు. సమావేశాల రోజుల్లో సంబంధిత మంత్రి ధర్నాచౌక్‌కు వచ్చి మహజరు పుచ్చుకోవాలి, దాని జవాబు అదే సమావేశంలో సభలో చదవాలి. అరగంట పని. దాంతో జిల్లాల్లో ఎన్ని బండ్లు కదలనవసరం లేదో, ఎంతమంది కానిస్టేబుళ్లు ఇంట్లో పడుకోవచ్చో హోంశాఖే లెక్క కట్టుకోవచ్చు. ముందస్తు అరెస్టులు ఆపాలి. ఎనిమిది గంటల డ్యూటీ, వారాంతపు సెలవు, హోంగార్డుకు నెల జీతం ఇవ్వాలి. ధర్నాచౌక్‌లో నీళ్లు, మరుగుదొడ్లు పెట్టాలి. మా ఆడవాళ్లు, బందోబస్తుకు వచ్చిన మహిళా కానిస్టేబుళ్లు ఒకే ఇంటి తలుపు తట్టి బాత్రూం అడిగిన రోజులున్నాయి.

ఈ కోర్కెలతో మహజరు సిద్ధమైంది. మండల కమిటీలు సంతకాలు చేయించి, సమావేశాలు మొదలయ్యేలోగా మీ ఎమ్మెల్యేకు చేతికిచ్చి రసీదు తీసుకోండి. ఈలోగా ఎవరి తలుపైనా తడితే, వచ్చిన పిల్లవాడి మీద అరవకండి, చాయ్ పోయండి. ఏ కారణంతో, ఏ సెక్షన్ కింద తీసుకుపోతున్నారో కాగితం మీద రాసిమ్మని మాత్రం అడగండి. ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లండి, వెళ్లిన టైము రాసుకోండి. 170వ సెక్షన్ కింద 24 గంటలకు మించి ఉంచడానికి వీల్లేదు. దాటితే జిల్లా ఆఫీసుకు ఫోన్ చేయండి, వకీలును పంపుతాం.