మదనికలను చెక్కిందెవరు?

భద్రాచలం నుంచి యేటూరునాగారం అడవులు దాటి వెళితే పాలంపేట. అక్కడ రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికలు. వీటి ఫోటోలూ నకళ్ళూ చావిడిలో పేర్చుకుని 'ప్రాచీన శృంగార కళ' అని మురిసే రసికులున్నారు. 1213 నాటి శాసనం గుడి కట్టించిన సేనాని రేచర్ల రుద్రుణ్ణి కీర్తిస్తుంది. శిల్పి రామప్ప అనే మాటకు జనశ్రుతే ఆధారం!

మన మిత్రులు కొందరు మరీ విచిత్రం. అదంతా భూస్వామ్యపు బూతని కొట్టిపారేస్తారు. ఉలి పట్టింది భూస్వామా? ఒక పడుచు కాలి ముల్లు తీయించుకుంటున్నది. ముల్లు బాధ పల్లకీలో తిరిగే సేనానికేం తెలుసు? అడవిదారిన నడిచినవాడికి తెలుసు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, సంతోషమే. కాని అంత గట్టి రాతిని అద్దంలా నునుపు తేల్చిన చేతులకు కూలి ఎంత ముట్టిందని, ఆ నకళ్ళు కొనే రసికుడూ అడగడు, చీదరించుకునే మన మిత్రుడూ అడగడు.