"నెట్ పోయింది మేడం"



ఈ నెల ఈ పేజీలో ఇంగ్లిష్ గ్రామర్ గురించో, పిల్లల చేత చదివించాల్సిన పుస్తకాల గురించో రాస్తానని మీరు అనుకుని ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఒక బాబు విషయంలో నేను చేసిన తప్పు ముందు ఒప్పుకోవాలి.

ఎనిమిదో తరగతి బాబు. పేరు అక్కర్లేదు. సాయంత్రం ఏడింటికి తెరుచుకుని ఏడున్నరకు మూసుకుపోయే ఆన్‌లైన్ టెస్ట్‌లో నెల రోజుల్లో మూడుసార్లు మధ్యలోనే ఆగిపోయాడు. మూడుసార్లూ మర్నాడు ఒకటే మాట, "నెట్ పోయింది మేడం" అని. మొదటిసారి సరేనన్నాను. రెండోసారి నవ్వి ఊరుకున్నాను. మూడోసారి మాత్రం క్లాసులో అందరి ముందు, "మీ ఇంట్లో నెట్‌కి టెస్ట్ టైము భలే తెలుసే!" అనేశాను. క్లాసంతా నవ్వింది. ఆ బాబు నవ్వలేదు. వాళ్ళమ్మగారు డైరీలో, "మేడం, మా అపార్ట్‌మెంట్‌లో నిజంగానే రోజూ నెట్ పోతోంది" అని రాసి పంపారు. నిజం చెప్పాలంటే దాన్నీ నేను పూర్తిగా నమ్మలేదు. పిల్లల్ని వెనకేసుకు రావడం మామూలే కదా అనుకున్నాను.

ఆ తర్వాత మేం ఇల్లు మారాం. బందరులోనే, నాలుగంతస్తులు, పన్నెండు ఫ్లాట్లు. అక్కడ ఇంటర్నెట్ అసోసియేషన్ పేరు మీద ఒకటే కనెక్షన్. కింద మీటర్ బోర్డుల పక్కన ఒక పెట్టె, అందులో ఒక స్విచ్, దాని నుంచి ఒక్కో ఫ్లాటుకి ఒక్కో కేబుల్. డబ్బులు మెయింటెనెన్స్‌లో కలిపి తీసుకుంటారు. చవగ్గానే ఉంది కదా అని సంతోషించాం. మొదటి వారంలోనే ఒక సాయంత్రం స్టాఫ్ ఆన్‌లైన్ మీటింగ్‌లో నేను మాట్లాడుతూ మాట్లాడుతూ మాయమైపోయాను. మర్నాడు ప్రిన్సిపల్ సార్ అడిగితే నా నోటి నుంచి వచ్చిన మాట ఏమిటో మీరు ఊహించగలరు. "నెట్ పోయింది సార్." ఆయన కొంచెం నవ్వారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు.

సరే, కారణం కనుక్కుందామని దిగితే ముందుగా జరిగింది ఏమిటంటే, అందరూ అందరినీ అనుమానించడం. మూడో అంతస్తులో అద్దెకుంటున్న కుర్రాళ్ళు సినిమాలు డౌన్‌లోడ్ చేస్తున్నారని ఒకరు, ఫలానా వాళ్ళ పిల్లలు గేములు ఆడుతున్నారని ఇంకొకరు. కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ళ మనిషి ఉదయం పదకొండింటికి వచ్చాడు. ఆ టైములో నెట్ బ్రహ్మాండంగా ఉంది. స్పీడ్ టెస్ట్ చేసి, స్క్రీన్ మాకు చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం మళ్ళీ మామూలే. డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి తగ్గిపోయే జ్వరం లాంటిది ఇది. పూర్తిగా పోతే బాగుచేయించడం తేలిక. పోతూ వస్తూ ఉండే దానితోనే చిక్కు.

2020లో బ్రిటన్‌లోని వేల్స్‌లో అబెర్‌హోసన్ అనే చిన్న ఊరి సంగతి వార్తల్లో వచ్చింది. ఏడాదిన్నర పాటు రోజూ ఉదయం ఏడింటికి ఊరంతటికీ బ్రాడ్‌బ్యాండ్ దెబ్బతినేది. కేబుళ్ళు మార్చినా లాభం లేకపోయింది. చివరికి ఇంజనీర్లు పొద్దున్నే పరికరం పట్టుకుని ఊళ్ళో తిరిగితే తేలింది, ఒకింట్లో రోజూ ఏడింటికి ఆన్ చేసే పాత టీవీ వల్ల అని. అది విడుదల చేసే విద్యుత్ అలజడి ఊళ్ళోని రాగి తీగల లైన్లను చెడగొడుతోంది. టీవీ గలవారికి ఆ సంగతే తెలియదు, పాపం. నాకు అందులో నచ్చింది టీవీ కాదు, "రోజూ ఏడింటికి" అన్న మాట. టైము పట్టుకుంటే దొంగ దొరికినట్టే.

అందుకే లిఫ్ట్ పక్కన ఒక కాగితం అంటించాను. నెట్ పోయిన టైము, వచ్చిన టైము, ఫ్లాట్ నంబర్. ఇంతే. మొదటి రోజు ముగ్గురే రాశారు. రెండో రోజు తొమ్మిది మంది. నాలుగు రోజులకు కాగితం నిండింది. పోయిన టైము దాదాపు అందరిదీ ఒకటే, ఏడు దాటి రెండు మూడు నిమిషాలకు. వచ్చిన టైము మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కోలా ఉంది. కొందరికి రెండు నిమిషాల్లో వచ్చేసింది. నలుగురికి మాత్రం రౌటర్ ఆపి మళ్ళీ వేసేదాకా రాలేదు, అది కూడా ఒక్కోసారి రెండు మూడుసార్లు ఆపి వేస్తే గాని.

ఆ కాగితం ముందు నిలబడి మేం తలలు పట్టుకుంటుంటే, వాచ్‌మన్ గారు వెనక నుంచి అన్నారు: "మోటార్ ఎయ్యగానే ఆ పెట్టెలో లైట్లు గుప్పున ఆరి మళ్ళీ ఎలుగుతాయండి. రోజూ చూస్తన్నాను. మీరెవరూ అడగలేదు కదండీ!"

రోజూ సాయంత్రం ఏడింటికి సంపులోంచి ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటార్ వేస్తారు. మోటార్ స్టార్ట్ అయ్యే క్షణంలో అది మామూలు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ లైనులో వోల్టేజి ఒక్కసారి పడిపోతుంది. మా నెట్ పెట్టె అదే లైనులో, ఒక వదులైపోయిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించి ఉంది. దాని అడాప్టర్ పాతబడిపోయింది. మంచి అడాప్టర్ అయితే ఆ పాటి కుదుపును తట్టుకునేది. ఇది తట్టుకోలేక స్విచ్ రీస్టార్ట్ అయిపోతోంది. కొత్త అడాప్టర్, వేరే లైను, రౌటర్లకు వాడే చిన్న యూపీఎస్ ఒకటి. అన్నీ కలిపి రెండు వేల లోపే అయింది. పన్నెండు ఫ్లాట్లకు పంచితే తలా నూట డెబ్బై రూపాయలు కూడా కాదు. దీని కోసం మేం రెండు నెలలు ఒకరినొకరు తిట్టుకున్నాం.

మరి ఆ నలుగురి సంగతి? దీన్ని పట్టుకున్నది నాలుగో అంతస్తులో ఇంజనీరింగ్ చదువుతున్న అబ్బాయి. నెట్‌లోకి వెళ్ళాలంటే ప్రతి రౌటర్‌కీ ఒక అడ్రస్ కావాలి. దాన్ని ఇవ్వాల్సింది కింద పెట్టెలో ఉన్న ఒక్క పరికరమే. రెండో అంతస్తులో కొత్తగా దిగినవారు తమ రౌటర్‌కి కేబుల్‌ను పెట్టాల్సిన సాకెట్‌లో కాకుండా పక్క సాకెట్‌లో పెట్టారు. దాంతో వాళ్ళ రౌటర్ కూడా బిల్డింగ్ మొత్తానికి అడ్రసులు పంచడం మొదలుపెట్టింది. ఊరికి ఒక పోస్ట్‌మాస్టర్ ఉండగా ఇంకొకరు వచ్చి తప్పు పిన్‌కోడ్లు ఇచ్చినట్టు! స్విచ్ ఆరి వెలిగినప్పుడల్లా అన్ని రౌటర్లూ మళ్ళీ అడ్రస్ అడుగుతాయి. ముందుగా ఎవరి జవాబు అందితే అదే తీసుకుంటాయి. తప్పు అడ్రస్ తగిలినవాళ్ళకి వైఫై గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. కేబుల్ తీసి వేరే రంగులో ఉన్న పక్క సాకెట్‌లో పెట్టారు. అర నిమిషం పని. వాళ్ళ తప్పు కూడా కాదది. ఎవరూ చెప్పలేదు వాళ్ళకి.

మీ అపార్ట్‌మెంట్‌లో కూడా ఇవే కారణాలని నేననడం లేదు. కానీ వెతికే దారి మాత్రం ఎక్కడైనా ఒకటే. మొదట పక్క ఫ్లాట్ వాళ్ళని అడగండి, మీకు కూడా పోయిందా అని. అందరికీ ఒకేసారి పోతే లోపం కిందనో, బయటనో. మీకొక్కరికే పోతే మీ ఇంట్లోనో, మీ కేబుల్‌లోనో. లాప్‌టాప్ ఉంటే రౌటర్‌కి కేబుల్‌తో కలిపి చూడండి. కేబుల్‌తో బాగా వచ్చి ఫోన్‌లో రాకపోతే అది వైఫై తంటా. పన్నెండు రౌటర్లు ఒకే చోట ఉంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని చానళ్ళు మూడే ఉంటాయి, 1, 6, 11. టీవీ వెనకా, ఇనప బీరువా పక్కనా ఉన్న రౌటర్‌ని హాల్లో ఎత్తుగా పెట్టి చూడండి. లాప్‌టాప్‌లో పింగ్ అనే కమాండ్ ఒకటుంది. ముందు మీ రౌటర్ అడ్రస్‌కి, తర్వాత 8.8.8.8కి కొట్టి చూడండి. మొదటిది పలికి రెండోది పలకకపోతే మీ ఇంట్లో వైఫైని తప్పుపట్టనక్కర్లేదు. పెట్టెలో ఎల్ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు వెలుగుతుంటే ఫైబర్ తెగిందనో, బాగా వంగిందనో అర్థం. అప్పుడు కంపెనీకి ఫోన్ చేయడం తప్ప మనం చేయగలిగింది లేదు.

మన ప్రాంతంలో ఈ ఆఖరి రకం తక్కువేమీ కాదు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అంటే అందరం ఆశ్చర్యపోయాం. అంత తక్కువలో సాధ్యం కావడానికి ఒక కారణం, భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగడం. తెలివైన పనే. కానీ స్తంభం పడితే కరెంటుతో పాటు నెట్టూ పడుతుంది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటిన సంగతి మీకు నేను గుర్తుచేయనక్కర్లేదు. 1977 ఉప్పెన కథలు వింటూ పెరిగిన దివిసీమ పిల్లని నేను. గాలివాన తర్వాత హోంవర్క్ ఎందుకు అప్‌లోడ్ చేయలేదని ఏ పిల్లనీ అడగలేను.

నాగాయలంక దగ్గర మా ఊరు. 2020లో నా బీఈడీ క్లాసులు సగం మా డాబా మీద, వాటర్ ట్యాంకు పక్కన నిలబడి ఫోన్‌లో విన్నాను. సిగ్నల్ అక్కడే ఉండేది. వానొస్తే క్లాసు లేదు. అంత చూసి వచ్చిన నేను ఆ బాబుని అలా ఎలా అన్నానో నాకే అర్థం కాదు.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ మోటార్‌కీ, లిఫ్ట్‌కీ ఒక మనిషి బాధ్యత తీసుకుంటారు. నెట్ పెట్టెకి ఎవరూ ఉండరు. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా తెలియదు. అసోసియేషన్ మీటింగ్‌లో పార్కింగ్ గొడవతో పాటు దీన్నీ ఒక పది నిమిషాలు మాట్లాడండి. ఒకరి పేరు రాసుకోండి. చవక కోసం పన్నెండు ఇళ్ళు ఒక్క చిన్న ప్లాను పంచుకుంటుంటే, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా అందరూ వాడే టైములో అది చాలుతుందో లేదో లెక్క వేసుకోండి. చాలకపోతే వెతకడానికి ఏ లోపమూ ఉండదు, ప్లాను పెంచుకోవాలంతే.

ఇక మా వైపు. మీరు ఫీజు కట్టి పంపేది పిల్లల చదువుకి, మీ ఇంటి నెట్‌కి మార్కులు వేయించుకోవడానికి కాదు. అరగంటలో మూసుకుపోయే ఆన్‌లైన్ టెస్ట్ పిల్లల ఇంగ్లిష్‌ని కొలవదు, రౌటర్‌ని కొలుస్తుంది. చాలా టెస్టుల టైము బ్రాంచిలో మా చేతుల్లో ఉండదు, ఆ సంగతి మీకు తెలుసు. నా చేతిలో ఉన్నంత వరకు, నా సెక్షన్లలో వారాంతపు ఇంగ్లిష్ టెస్ట్ ఇప్పుడు శనివారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి వరకు తెరిచే ఉంటోంది. కాపీ కొడతారని నాతో అన్నవాళ్ళు ఉన్నారు. కొడతారేమో. దానికి క్లాసులో ఐదు నిమిషాలు నోటితో అడిగితే తెలిసిపోతుంది. నెట్ పోయిన పిల్లకి సున్నా వేయడం కన్నా అది నయమని నేననుకుంటున్నాను. మిగతా టెస్టులు కూడా ఇలా మారాలని మీకు అనిపిస్తే పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. మేం అడిగిన దాని కన్నా మీరు అడిగిన దానికి బరువెక్కువ.

అబద్ధం చెప్పే పిల్లలు లేరని కాదు. ఉన్నారు, నాకూ తెలుసు. అందుకే చిన్న అలవాటు ఒకటి పెట్టాను. నెట్ పోతే పోయిన టైము, వచ్చిన టైము, పక్క ఫ్లాట్‌లో ఉందో లేదో డైరీలో రాసి మీ సంతకంతో పంపండి. మూడు లైన్లు చాలు. రెండు వారాలు అలా రాస్తే మీ అసోసియేషన్‌కి చూపించడానికి కూడా పనికొస్తుంది.

ఆ బాబుకి క్లాసులోనే, అందరి ముందే సారీ చెప్పాను. మూడు టెస్టులూ కాగితం మీద మళ్ళీ పెట్టాను. రెండింటిలో మంచి మార్కులు వచ్చాయి, ఒకదానిలో రాలేదు. వాళ్ళ అపార్ట్‌మెంట్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. పెట్టె మేడ మీద రేకుల కింద ఉందట. ఉప్పు గాలికి కేబుల్ కొసల్లో పచ్చగా చిలుము పట్టిందని ఫోటో తీసి తెచ్చాడు మొన్న. అది మార్పించి చూడమన్నాను. వచ్చే సోమవారం చెబుతానన్నాడు.