కొండ మీది ఇటుక

బొబ్బిలి వాళ్లకి చరిత్ర అంటే ఒక్కటే తేదీ: 1757 జనవరి 24. బుస్సీ ఫిరంగులు, కోట, తాండ్ర పాపారాయుడు. నేనూ ఆ కథ వింటూ పెరిగినవాణ్ణే.

డిగ్రీ రోజుల్లో ఓసారి ముగ్గురం తెల్లవారుజామునే సైకిళ్ల మీద విజయనగరం వెళ్లాం. ఇంకా పొద్దుంది కదా అని పక్కదారి పట్టి, మరో పన్నెండు కిలోమీటర్లు తొక్కి రామతీర్థం చేరాం. రాములవారి దర్శనం కాగానే వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ. మేం గురుభక్తుల కొండ ఎక్కాం. పైన బౌద్ధ విహారాల ఇటుక గోడలు! అలెగ్జాండర్ రీ వీటి గురించి 1910–11 పురావస్తు నివేదికలో రాశాడని తర్వాత తెలిసింది. పక్కన దుర్గకొండ మీద జైన విగ్రహాలున్నాయి. ఒక్క ఊళ్లో మూడు మతాల గుర్తులు. కత్తి ఊసే లేదు.

జ్ఞాపకంగా ఉంటుందని ఓ ఇటుక ముక్క సంచిలో వేసుకొచ్చాను. కొండ మీద అది చరిత్ర. మా ఇంట్లో ఉత్త ఇటుక ముక్క. వెళ్లిన ప్రతివాడూ ఒక్కోటి తెచ్చుకుంటే అక్కడ మిగిలేదేమిటి?

మిత్రులారా, ఈ ఏటి విహారయాత్ర సైకిళ్ల మీద అటు మళ్లించండి. లెక్చరర్లనూ లాక్కురండి. నేనూ వస్తా. ఆ ముక్కని తిరిగి అప్పగించాలి.