ముందు చీర మార్చండి, తర్వాత కేసు రాయండి

కిందటి పత్తి సీజనులో ఉట్నూరు వైపు గూడెం నుంచి తెచ్చిన ఒక యువతిని ఆసుపత్రిలో చూశాను. పంపుల్లో మందు కలిపి పోసే పని ఆమెది. నోటి వెంట నురుగు, ఒళ్లంతా చెమట, సూదిమొనల్లా కుంచించుకుపోయిన కంటిపాపలు. మొదటి ప్రశ్న: "ఎందుకు తాగినవ్?" తాగలేదని ఆడబిడ్డ చెబుతూనే ఉంది. మందుతో తడిసిన చీర రెండు గంటలు ఒంటి మీదే ఉంది. మార్పించడానికి ఆడ సిబ్బంది లేరట!

ఆ చీరే విషం. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్లు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. బట్టలు తీసి సబ్బునీళ్లతో కడగడం వైద్యంలో భాగం. దాంతోపాటే అట్రోపిన్. ఒకటి రెండు ఆంప్యూళ్లు ఇచ్చి పెద్దాసుపత్రికి రాసి పంపితే సరిపోదు. ఛాతీలో గురగుర పోయి, నాడి, రక్తపోటు కుదుటపడేదాకా ఐదేసి నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి. తేరుకున్నట్టు కనిపించిన మనిషికి కూడా ఒకటి నుంచి నాలుగు రోజుల్లో మెడ కండరాలు, ఊపిరి కండరాలు చచ్చుబడవచ్చు. అప్పుడు కావలసింది వెంటిలేటరు. అట్రోపిన్ చవకైన మందు. ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమైనా అది చాలినంత లేదంటే డబ్బును సాకుగా చూపలేదు. గడ్డిమందు పారాక్వాట్ సంగతి వేరు, దానికి విరుగుడే లేదు. దాన్ని అమ్మకుండా ఆపడమే వైద్యం.

1997-98లో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోతున్నప్పుడు మనం అప్పుల గురించి, నకిలీ మందుల గురించి మాట్లాడాం. ప్రాణంతో ఆసుపత్రికి చేరినవాళ్లకు ఏం వైద్యం అందిందని అడగలేదు. నేనూ అడగలేదు. మందు కలిపే ఆడవాళ్లయితే లెక్కలోకే రాలేదు. మందు కలిపి ట్యాంకులు నింపే స్త్రీలకు పిచికారీ చేసే మగవాళ్లతో సమానంగా ప్రమాదముందని ఆంధ్రప్రదేశ్ పత్తి రైతుల మీద 2005లో వెలువడిన అధ్యయనం చెప్పింది.

పోలీసు లాంఛనాల కోసం వైద్యం ఆపకూడదని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటుంది. 2024 జూలైలో అమలులోకొచ్చిన భారతీయ న్యాయసంహితలో పాత 309 సెక్షనే లేదు. ఊళ్లలో కేసు భయం మాత్రం పోలేదు. ఆ భయంతోనే ఏం తాగిందో దాస్తారు, డబ్బా పారేస్తారు. డాక్టరుకు ముందు కావలసింది ఆ డబ్బా మీది పేరే.

వచ్చే పిచికారీల లోపు మన సంఘాలు తమ మండలంలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అట్రోపిన్ ఎన్ని ఆంప్యూళ్లుందో లెక్కపెట్టాలి. రాత్రిపూట వచ్చిన స్త్రీకి బట్టలు మార్చేదెవరో అడగాలి.

ఆ యువతి బతికింది. కేసు షీటులో ఇప్పటికీ 'ఆత్మహత్యాయత్నం' అనే ఉంది.