గోడ అవతలి చెవికే చట్టమా?

ఏటా డిసెంబరు చివర్లో సైబరాబాద్ పోలీసులు కొత్త సంవత్సరం వేడుకలకు నిబంధనలు విడుదల చేస్తారు. ఆరుబయట డీజే రాత్రి పదితో ఆగిపోవాలి, సీసీ కెమెరాలు పనిచేయాలి, తాగినవాళ్లు స్టీరింగ్ పట్టకుండా చూడాలి, చుట్టుపక్కల ఇళ్లకు ఇబ్బంది కలగకూడదు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ పబ్బుల యాజమాన్యాలు వీటికి ఒప్పుకునే అనుమతి తెచ్చుకుంటాయి. పొరుగింటివాళ్ల నిద్ర, తాగి బండి నడిపేవాడి ప్రాణం, వేడుకకు వచ్చే ఆడపిల్లల భద్రత, అన్నీ అందులో ఉంటాయి. స్పీకర్లకు అందరికంటే దగ్గరగా నిలబడే మనిషి చెవి గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు.

మన శబ్ద చట్టం పుట్టుకే అలాంటిది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 65, 55 అని గీత గీశాయి. ప్రైవేటు స్థలంలో మోగే సంగీతం ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదన్నాయి. అంటే మీటరు పట్టుకునేది ప్రహరీ దగ్గర. 2022 సెప్టెంబరులో హైకోర్టు రాత్రి పది తర్వాత పబ్బుల్లో సంగీతం వద్దన్నప్పుడూ, 2024 అక్టోబరు 1న అప్పటి హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సి.వి. ఆనంద్ మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడూ లెక్కలోకి వచ్చింది బయటివాళ్ల చెవి, గుండె, నిద్ర. ఆ ఉత్తర్వులు అవసరమైనవే. గుండెజబ్బు మనిషి ఉన్న ఇంటి ముందు నిమజ్జనం ఊరేగింపు ఆగితే ఎలా ఉంటుందో పడినవాళ్లకే తెలుసు. కానీ గోడలకు ఫోమ్ కొట్టించి, కిటికీలకు రెండు పొరల అద్దాలు బిగించి, శబ్దం బయటికి పొక్కకుండా చేస్తే చట్టం పని అయిపోతుంది. లోపల 105 డెసిబెల్స్ మోగినా అడిగే నాథుడు లేడు. పైగా గోడ ఎంత మందంగా ఉంటే లోపల అంత ధైర్యంగా పెంచుతారు.

డీజే కళాకారుడా కాదా అన్న చర్చ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ముందు అతను శబ్దంలో పనిచేసే మనిషి. ఆ హోదాలో అతనికి దక్కాల్సింది ఇంతవరకూ దక్కలేదు.

లెక్క చూద్దాం. వృత్తి ఆరోగ్యంపై అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నియోష్ చెప్పేది ఇది: రోజుకు 8 గంటలు పనిచేసే మనిషి 85 డెసిబెల్స్ వరకు వినవచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ శబ్దశక్తి రెట్టింపవుతుంది కాబట్టి వినదగిన సమయం సగానికి పడిపోతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర గంట, 100 దగ్గరకు వచ్చేసరికి 15 నిమిషాలు. 100 డెసిబెల్స్ బూత్‌లో 4 గంటల సెట్ వాయించినవాడు ఒక్క రాత్రిలో పదహారు రోజుల కోటా వినేసినట్టు. శుక్ర, శని, ఆదివారాలు బుకింగ్ ఉంటే ఇక చెప్పేదేముంది. వారంలో ఐదు రోజులు పగలు అతను హైటెక్ సిటీలో ఏ కంపెనీలోనో హెడ్‌సెట్ తగిలించుకుని కాల్స్ మాట్లాడే ఉద్యోగి అయితే, ఆ చెవికి విశ్రాంతి అనేదే ఉండదు. ఈ ఐటీ కారిడార్‌లో వారాంతపు డీజేల్లో అలాంటివాళ్లు తక్కువేం కాదు.

బూత్‌లో జరిగేది దగ్గర్నుంచి చూస్తే మాట ఇంకా బాగా అర్థమవుతుంది. డీజేకు ఒక చెవి మీద హెడ్‌ఫోన్, రెండో చెవి పక్కన తల ఎత్తులో బూత్ మానిటర్. హెడ్‌ఫోన్‌లో తర్వాతి పాట బీట్ పట్టుకోవాలి. హాలు హోరులో అది వినపడాలంటే హాలు కంటే గట్టిగా పెట్టుకోవాలి. గంట గడిచేసరికి చెవి అలసిపోతుంది. మొదట్లో సరిపోయిన శబ్దం ఇప్పుడు చాలదనిపిస్తుంది, చెయ్యి తెలియకుండానే నాబ్ మీదికి వెళ్తుంది. పదిన్నరకు జనం నిండుతారు, వాళ్ల కేకలు పెరుగుతాయి, అటునుంచి మేనేజరు బొటనవేలు పైకి చూపిస్తాడు. మిక్సర్ మీద పచ్చ లైట్లు దాటి ఎరుపు వెలుగుతూనే ఉంటుంది. ఒంటిగంటకు బయటికొస్తే పక్కవాడి మాట దూది అడ్డంపెట్టినట్టు వినిపిస్తుంది. పడుకుంటే చెవిలో సన్నగా గుయ్యిమంటుంది. మర్నాడు మధ్యాహ్నానికి అంతా సర్దుకుంటుంది.

మోసం ఆ సర్దుకోవడంలోనే ఉంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కేశకణాలు ఒక్కో చెవికి సుమారు పదిహేను వేలే. చచ్చిన కణం మళ్లీ మొలవదు. అంతకంటే చల్లగా జరిగే నష్టం ఇంకొకటుంది. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లీబర్‌మన్ ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, పెద్ద శబ్దం తర్వాత వినికిడి మామూలు స్థాయికి తిరిగొచ్చినా, కణాలనుంచి మెదడుకు వార్త మోసే నరాల కొసలు చాలావరకు శాశ్వతంగా తెగిపోయాయని తేలింది. తెల్లారేసరికి తగ్గిపోయిందన్న ధీమా దగ్గర డీజేలు ఆగిపోతున్నారు.

వాళ్లను పరీక్షించిన చోట ఏం బయటపడింది? బ్రిటన్‌లో 23 మంది క్లబ్ డీజేలను పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, సెట్ తర్వాత చెవి మందగిస్తోందని చెప్పినవాళ్లు 70 శాతం, చెవిలో హోరు ఉందన్నవాళ్లు 74 శాతం. పరీక్షలో శబ్దం వల్ల చెవి దెబ్బతిందని స్పష్టంగా తేలినవాళ్లు ముగ్గురే. చిన్న నమూనా, నిజమే. అయినా పరీక్షకు ఇంకా దొరకని నష్టం చెవిలో ముందే మొదలై ఉండొచ్చని ఆ తేడా సూచిస్తోంది. జర్మనీలో లక్షల మంది బీమా రికార్డులను జల్లెడ పట్టిన 2014 నాటి అధ్యయనం వృత్తి సంగీతకారుల్లో శబ్దజనిత వినికిడి లోపం ఇతరులకంటే మూడున్నర రెట్లకు పైగా కనిపించిందని లెక్కతేల్చింది. మన దగ్గర డీజేల మీద ఇలాంటి లెక్క ఏ శాఖా తీసినట్టు కనిపించదు.

మ్యూజిక్ ప్రొడ్యూసర్ల సంగతి వేరు, ఫలితం మాత్రం ఒకటే. ఈ ప్రాంతంలో అపార్ట్‌మెంట్ పడగ్గదే స్టూడియో. పక్క ఫ్లాట్‌వాళ్లు తలుపు కొడతారని స్పీకర్లు కట్టేసి, హెడ్‌ఫోన్‌లో తెల్లవార్లూ మిక్స్ చేస్తారు. పొరుగువాడిని కాపాడే నిబంధన పాట చేసేవాడి చెవిలోకి శబ్దాన్ని తోసిన సందర్భమిది. తక్కువ శబ్దంలో మనిషి చెవికి బేస్ పలచగా వినపడుతుంది, పెంచితే పాట నిండుగా తోస్తుంది. అందుకే పెంచుతూ పోతారు. కొన్నేళ్లకు పై స్థాయులు వినపడటం తగ్గితే, ఆ లోటు పాటలోనే ఉందనుకుని అక్కడ ఇంకాస్త పెంచుతారు. గుచ్చుకునే తాళాలు, ఈలలేసే సకారాలు శ్రోత నెత్తిన పడతాయి. చెవి దెబ్బతింటే మొదట పోయేది పనితనం.

ఇంతకీ చెవి పరీక్ష ఏమంత బ్రహ్మవిద్య కాదు. శబ్దం చొరబడని చిన్న గది, హెడ్‌ఫోన్, చేతిలో ఒక బటన్. సన్నటి కూత వినపడినప్పుడల్లా నొక్కాలి. 250 హెర్ట్జ్ నుంచి 8,000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్థాయిలో ఎంత సన్నటి కూతను పట్టగలిగారో గ్రాఫ్ మీద గుర్తిస్తారు. కుడిచెవికి ఎర్ర సున్నా, ఎడమచెవికి నీలం ఇంటూ. అరగంట పని, కొన్ని వందల రూపాయల ఖర్చు. శబ్దం దెబ్బకొట్టిన చెవి గ్రాఫ్ 4,000 హెర్ట్జ్ దగ్గర గుంట పడి, 8,000 దగ్గర మళ్లీ కాస్త లేస్తుంది. రోజూ ఈక్వలైజర్ ముందు కూర్చునే ప్రొడ్యూసర్‌కు ఆ గీత వివరించక్కర్లేదు. ఎవరో నాలుగు కిలోహెర్ట్జ్ కోసేసి, అన్‌డూ లేకుండా సేవ్ చేసిన ఫైల్ అది.

ఆ గుంటను మన వ్యవస్థ లెక్కలోకే తీసుకోదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం మాటలు వినే స్థాయుల్లో రెండు చెవులకూ 60 డెసిబెల్స్ లోపం వస్తేనే గుర్తింపు. నాలుగు వేల దగ్గర చెవి పోయి, వృత్తి పోయి, రాత్రంతా హోరుతో నిద్రలేని మనిషి ఆ నిర్వచనం దరిదాపుల్లోకి రాడు. గుర్తింపు వచ్చే స్థితికి చేరేసరికి చేయడానికేమీ మిగలదు.

మరి కార్మిక చట్టం? అక్కడే అసలు వైరుధ్యం. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధిగా ఉండేది. 90 డెసిబెల్స్ దాటిన చోట పనిచేసే కార్మికుడికి చేరిన తొలినాళ్లలో ఒకసారి, తర్వాత ఏటా చెవి పరీక్ష చేయించాలని ఆ చట్టం కింది ఫ్యాక్టరీ నిబంధనలు చెప్పాయి. జీడిమెట్లలో ప్రెస్ మీద పనిచేసే మనిషికి, కనీసం కాగితం మీదైనా, ఆ హక్కు దక్కింది. పది పన్నెండు కిలోమీటర్ల అవతల అంతకు పది డెసిబెల్స్ ఎక్కువ శబ్దంలో నిలబడేవాడికి దక్కలేదు. చెవికి మాత్రం ప్రెస్‌కూ పాటకూ తేడా తెలియదు.

పబ్బులో డీజే ఒక్కడే లేడు. అతను మూడు నాలుగు గంటలు వాయించి వెళ్లిపోతాడు. బార్‌టెండర్, వెయిటర్, స్పీకర్ పక్కనే కాపలా నిలబడే బౌన్సర్ తలుపులు మూసేదాకా ఉంటారు. వారానికి ఆరు రాత్రులు. వాళ్లకు పోస్టరు మీద పేరుండదు, పాట ఎంచుకునే హక్కూ ఉండదు. ఆ మాటకొస్తే పెళ్లి బరాత్‌లో డీసీఎం లారీ మీద, జనరేటర్‌కూ బాక్సులకూ మధ్య ఇరుక్కుని కూర్చునే కుర్రాడి గతి ఇంకా అన్యాయం. ‘డీజే టిల్లు’ సినిమా చూసి నవ్వుకున్నాం, బాగానే ఉంది. తెరమీది టిల్లుకు చెవి పరీక్ష అక్కర్లేదు, లారీ మీదివాడికి కావాలి.

ఇది వాళ్లు కోరి తెచ్చుకున్నదేగా, చెవుల్లో ఏదో పెట్టుకోవచ్చుగా అని కొందరంటారు. హెల్మెట్ విషయంలోనూ ఇదే అన్నాం, తర్వాత చట్టం చేశాం. ఇంకో అభ్యంతరం పబ్బుల నుంచి వస్తుంది: శబ్దం తగ్గిస్తే జనం రారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో వేదికలకు ప్రకటించిన ప్రమాణం ఎంతో తెలుసా? పదిహేను నిమిషాల సగటు 100 డెసిబెల్స్. అది ఏ రకంగానూ సన్నటి సంగీతం కాదు. శబ్దాన్ని అక్కడికక్కడే కొలుస్తూ ఉండాలి, వచ్చినవాళ్లకు ఇయర్‌ప్లగ్‌లు ఇవ్వాలి, చెవికి ఊపిరాడే ఒక నిశ్శబ్ద మూల ఉంచాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి అంటుంది, అంతే. స్విట్జర్లాండ్ క్లబ్బుల్లో 93 డెసిబెల్స్ దాటితే ఇయర్‌ప్లగ్‌లు ఉచితంగా ఇవ్వడం చట్టం. అక్కడ క్లబ్బులేమీ మూతపడలేదు.

డీజేలు పరీక్షకు జంకడానికి నాకు కనిపించే కారణం మాత్రం డబ్బు కాదు, పేరు. ‘వాడికి వినపడట్లేదట’ అన్న మాట ఒక్కసారి బయటికొస్తే బుకింగ్‌లు రావు. ఈ భయం నిజమైనదే, దాన్ని తీసిపారేయలేం. అందుకే 2024 జూన్‌లో గాయని అల్కా యాగ్నిక్ తనకు వైరస్ దాడి వల్ల వినికిడి లోపం వచ్చిందని తానే ప్రకటించి, పెద్ద శబ్దంతో, హెడ్‌ఫోన్లతో జాగ్రత్తని తోటి కళాకారులకు చెప్పడం చిన్న విషయం కాదు. ఆమె జబ్బు కారణం వేరు, ఆ ధైర్యం మనకు కావాలి. బ్రిటన్‌లో సంగీత, వినోద రంగానికి పని ప్రదేశపు శబ్ద నిబంధనలు 2008 ఏప్రిల్ నుంచి వర్తిస్తున్నాయి. వాటి ఆధారంగానే క్రిస్టఫర్ గోల్డ్‌షైడర్ అనే వయోలా వాద్యకారుడు రిహార్సల్‌లో చెవి దెబ్బతిందని రాయల్ ఒపేరా హౌస్ మీద కేసు వేసి 2018లో గెలిచాడు. 2019లో అప్పీలు కోర్టులోనూ ఆ సంస్థకు బాధ్యత తప్పలేదు. కళ పేరు చెప్పి యజమాని బాధ్యత నుంచి జారుకోలేడని అక్కడ తేలిపోయింది.

మనకూ దారి మూసుకుపోలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఫ్యాక్టరీలకే పరిమితం కాదు. పదిమంది, అంతకు మించి పనివాళ్లున్న వ్యాపార సంస్థలకూ వర్తిస్తుంది. శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం అందులోని వ్యాధుల జాబితాలో ఉంది. ఏ తరగతి ఉద్యోగులకు ఏటా ఉచితంగా ఏ పరీక్ష చేయించాలో నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం పబ్బులు, బార్లు, ఈవెంట్ సంస్థల సిబ్బందిని ఆ తరగతిలో చేర్చాలి. రాత్రికింతని మాట్లాడుకుని వచ్చే డీజే ఏ సంస్థకూ ఉద్యోగి కాడు కాబట్టి కోడ్‌లో అతనికి చోటు దొరకడం కష్టం. అతని కోసం పబ్బు లైసెన్సులోనే షరతు పెట్టాలి: బూత్ దగ్గర మీటరు, పని చేసేవారందరికీ ఇయర్‌ప్లగ్‌లు. పోలీసుల డిసెంబరు నిబంధనల్లో ఇంకో వాక్యం చేర్చడానికి పైసా ఖర్చు లేదు. ఐటీ కంపెనీలు ఏటా చేయించే వైద్య పరీక్షల్లో షుగరు, కొలెస్టరాల్, ఈసీజీ, కంటిచూపు సాధారణంగా ఉంటాయి, చెవి ఉండదు. రోజంతా హెడ్‌సెట్ పెట్టించే సంస్థలు ఆ ఒక్కటీ వదిలేయడం వింతే. చేసిన పరీక్ష ఫలితం మాత్రం పరీక్షించుకున్నవాడి చేతికే ఇవ్వాలి, మేనేజరుకు కాదు.

పరీక్షకు చోట్లు వెతుక్కోనక్కర్లేదు. కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ముంబయి కేంద్రంగా ఉన్న జాతీయ వాక్, వినికిడి వైకల్యాల సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. 

ప్రభుత్వం కదిలేదాకా ఆగకండి. డీజేలు, ప్రొడ్యూసర్లు, సౌండ్ ఇంజినీర్లు ఈ నెలలోనే చెవి పరీక్ష చేయించుకుని, ఆడియోగ్రామ్ అనే ఆ గ్రాఫ్ దాచుకోండి. రేపు పోల్చుకోవడానికి ఇవాళ్టి కొలత ఉండాలి. సెట్ వాయించిన మర్నాడు పొద్దున్నే వెళ్లకండి, చెవికి కనీసం 14 గంటల నిశ్శబ్దం ఇచ్చాక వెళ్లండి. దూదీ, ఫోమూ పై స్థాయులను మింగేస్తాయి కాబట్టి అన్ని స్థాయులనూ సమానంగా తగ్గించే సంగీతకారుల ఇయర్‌ప్లగ్‌లు కొనుక్కోండి. 15 డెసిబెల్స్ తగ్గించే జత పెట్టుకుంటే 100 డెసిబెల్స్ బూత్ మీ చెవికి 85 అవుతుంది, పదిహేను నిమిషాల కోటా ఎనిమిది గంటలవుతుంది. దాని ధర మీ హెడ్‌ఫోన్ ధర కంటే తక్కువే.