పెద్దాయన పనిని రాసేదెవరు?

హోసూరు బస్టాండు గోడల మీద, బాగలూరు రోడ్డు కరెంటు స్తంభాల మీద, కృష్ణగిరి పాతపేట సందుల్లో పొద్దున లేస్తే కన్నీటి అంజలి పోస్టర్లు కనిపిస్తాయి. ఫోటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళ పేర్లు. పోయినాయన జన్మంతా ఇంట్లో తెలుగే మాట్లాడి ఉన్నా పోస్టరు మాత్రం తమిళంలోనే. కొన్నింటిలో పేరు పక్కన ‘మాజీ సైనికుడు’ అని ఉంటుంది. ఆ ఒక్క మాటతో సరి. పల్టన్‌లో పదిహేను, పదిహేడేళ్ళు ఏ పని చేసినాడో, తిరిగొచ్చి ఇంకో పాతికేళ్ళు ఏ మిషను ముందు నిలబడినాడో, ఆ చేతుల్లో ఏ విద్య ఉండిందో పోస్టరుకు పట్టదు.

ఈ సంగతి ఇప్పుడే ఎత్తుకోవడానికి కారణం ఉంది. 1965, 1971 యుద్ధాల నాటికి ఇరవై ఏళ్ళున్న కుర్రాళ్ళకు ఇప్పుడు డెబ్భై అయిదు, ఎనభై. సైన్యంలో పని నేర్చి, ఊరికొచ్చి, వర్క్‌షాపుల్లో రెండో బతుకు బతికిన ఆ తరం ఒక్కొక్కరుగా వెళ్ళిపోతా ఉంది. వాళ్ళతోపాటే ఆ పనితనమూ పోతోంది.

సైనికుడంటే మన జనానికి తుపాకీ ఒక్కటే గుర్తొస్తుంది. హోసూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో, బెంగళూరు అలసూరు చెరువు పక్కనున్న మద్రాస్ ఇంజనీర్ గ్రూపును చూడండి. 1780లో రెండు పయొనీర్ దళాలతో మొదలైన పల్టన్ అది. మద్రాస్ సాపర్లంటే అందరికీ తెలుసు. సైన్యంలో వాళ్ళ ముద్దుపేరు ‘తంబీలు’. పేరు తమిళమే కానీ, తెలుగు, కన్నడ, మలయాళం ఇళ్ళ పిల్లలూ అందులో తంబీలే. అక్కడ ప్రతి జవానూ ముందు సైనికుడు, ఆపైన పనివాడు. వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియన్... ఏదో ఒక ట్రేడు చేతిలో ఉండాల్సిందే. ట్రేడు పరీక్ష పాసైతేనే ముందుకు పోయేది.

ఇక సికింద్రాబాదు వైపు చూస్తే ఈఎంఈ దళం ఉంది. ట్యాంకు నుంచి లారీ దాకా, ఫిరంగి నుంచి వైర్‌లెస్ సెట్టు దాకా సైన్యంలో ఏది చెడినా బాగు చేసేది వాళ్ళే. 1943లో ఏర్పడిన ఈ దళంలో మామూలు జవానును సిపాయి అనరు, ‘క్రాఫ్ట్స్‌మన్’ అంటారు. పనితెలిసినవాడు అని హోదాలోనే రాసిపెట్టినారు. మురళీకాంత్ పేట్కర్ పేరు ఈ మధ్య చాలామందికి తెలిసింది. 1965 యుద్ధంలో తూటాలు తగిలి, 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం తెచ్చినాయన. 2018లో పద్మశ్రీ ఇచ్చినారు, 2024లో ఆయన కథ సినిమాగా వచ్చింది. ఆయనా ఈఎంఈ క్రాఫ్ట్స్‌మనే. పతకం అందరికీ గుర్తుంది, పేరు ముందున్న ఆ హోదాకు అర్థం ఎంతమందికి తెలుసు?

పనితనం అంటే ఏమిటో చూడాలంటే 2024 వయనాడు చాలు. జులై 30న కొండచరియలు విరిగిపడి చూరల్‌మల దగ్గర వంతెన కొట్టుకుపోయింది. మద్రాస్ సాపర్లు పోయి, ఆగస్టు 1 సాయంత్రానికల్లా 190 అడుగుల బెయిలీ వంతెన నిలబెట్టినారు. టీవీలో చూసి ఊరంతా ముక్కున వేలేసుకున్నారు. సాపర్లలో పనిచేసి వచ్చినవాళ్ళకు మాత్రం అది తెలిసిన పనే. రెండో ప్రపంచ యుద్ధం నాడు డోనాల్డ్ బెయిలీ అనే ఇంగ్లండు ఇంజనీరు వేసిన డిజైను అది. పదడుగుల పొడవున్న ఇనుప ప్యానెల్ ఒక్కొక్కటి దాదాపు 260 కిలోలు. దాన్ని ఎత్తేందుకు క్రేను అక్కర్లేదు, ఆరుగురు మనుషులు చాలు. ఒకే పట్టున ఎత్తాలి, ఒకే పట్టున దించాలి. రెండు ప్యానెళ్ళ రంధ్రాలు ఎదురెదురుగా వచ్చిన క్షణంలో పిన్ను కొట్టాలి. ఒకడు తొందరపడితే ఇంకొకడి వేళ్ళు నలుగుతాయి. ఇట్లా ఇవతలి గట్టున కూర్చుకుంటూ, ఉరుళ్ళ మీద అవతలికి తోసుకుంటూ పోతారు. వర్షంలో, చీకట్లో, అవసరమైతే తూటాల కింద కూడా. పుస్తకం చదివి వచ్చే విద్య కాదిది.

ఆ విద్యతో మనిషి ముప్ఫై అయిదు, నలభై ఏళ్ళకు ఊరికొస్తాడు. జవాన్లకు పదిహేనేళ్ళ సర్వీసుతో పెన్షన్ వస్తుంది కాబట్టి చాలామంది ఆ వయసుకే బయటికొచ్చేస్తారు. పిల్లలు ఇంకా బడిలో ఉంటారు, పెన్షన్ చాలదు. అదృష్టవశాత్తూ ఆ తరం వచ్చేసరికి హోసూరు మారిపోతూ ఉండింది. 1970వ దశకంలో సిప్‌కాట్ వచ్చింది. 1980 నాటికి అశోక్ లేలాండ్, టీవీఎస్ మోపెడ్లు, 1987కి టైటాన్ గడియారాలు. పెద్ద ఫ్యాక్టరీల చుట్టూ వాటికి సామాన్లు చేసిచ్చే చిన్న చిన్న షెడ్లు పుట్టగొడుగుల్లా లేచినాయి. లేత్, మిల్లింగ్, వెల్డింగ్, గ్రైండింగ్... చెయ్యి తెలిసినవాడికి పని కొదవ లేని కాలం.

మరి ఈ మాజీ సైనికులకు ఆ పని దొరికిందా? కొందరికి దొరికింది. చాలామందికి దొరికింది మాత్రం గేటు. సైన్యం నుంచి వచ్చినాడంటే సెక్యూరిటీ గార్డే అన్నది మన పారిశ్రామికుల ఆలోచన. యూనిఫాం చూసినారు, మీసం చూసినారు, సెల్యూట్ చూసినారు. చెయ్యి చూసినవాళ్ళు తక్కువ. లోపల చెడిన మిషనును బాగుచేయగలిగిన మనిషి బయట రిజిస్టరులో లారీ నంబర్లు రాసుకుంటూ కూర్చున్నాడంటే అది ఎవరి నష్టం?

లోపల పని దొరికినవాళ్ళ సంగతి వేరు. అట్లాంటి పెద్దాయన చేతికింద నేర్చుకున్నవాళ్ళను ఎవరినైనా అడగండి, ఇంచుమించు ఒకే మాట చెప్తారు. పని ముగిసినాక ఆకురాయిలో ఇరుక్కున్న ఇనుప రజను బ్రష్షుతో దులిపి, పనిముట్లు గుడ్డతో తుడిచి, ఎక్కడివి అక్కడ పెడితే గానీ ఇంటికి పొమ్మనడు. కొలత ఒకసారి తీస్తే ఒప్పుకోడు. “ఏమప్పా, మళ్ళీ ఒకతూరి చూడు” అంటాడు. మిషను శబ్దం విని బేరింగు పోతా ఉందని చెప్పేస్తాడు. తిట్టేది హిందీలో, నేర్పేది తెలుగులో. పల్టన్‌లో హిందీ, బజారులో తమిళం, బెంగళూరులో కన్నడం, ఇంట్లో తెలుగు. నాలుగు భాషల్లో బతికిన మనిషి గురించి ఏ భాషలోనూ నాలుగు వాక్యాలు మిగలవు!

మిగిలిందల్లా పెట్టెలో ఉన్న డిశ్చార్జి పుస్తకం. అది ఇంగ్లీషు. అందులో ట్రేడు అని ఒక గడి, దాంట్లో ఒకటి రెండు పదాలు. ఆ రెండు పదాల వెనకున్న కథ ఆయన ఇంట్లో చెప్పింది తెలుగులో. ఆ తెలుగు సంగతీ చూస్తున్నాం కదా. తమిళం నేర్వడం తప్పనిసరి చేస్తూ 2006లో వచ్చిన చట్టం ఒకటో తరగతిలో మొదలై, ఏటా ఒక మెట్టు ఎక్కుతూ, 2016 నాటికి పదో తరగతి పరీక్ష దాకా చేరింది. తమిళం నేర్చుకోవద్దని ఎవరూ అనరు, ఈ నేల మీద బతికేవాడికి అది కావాల్సిందే. కానీ తాత తెలుగులో ఒక కాగితం రాసిపెట్టి పోయినా మనవడు చదవలేని ఇళ్ళు ఇప్పుడు హోసూరు చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి.

మనది చచ్చిపోయిన వీరుణ్ణి మరిచే నేల కాదు. కృష్ణగిరి, ధర్మపురి పొలాల్లో ఎక్కడ చూసినా వీరగల్లులు. పశువుల మందను కాపాడబోయి పడిపోయినవాడికి వెయ్యేళ్ళకు ముందే రాయి నిలబెట్టి, ఏ పోరులో ఎట్లా పోయినాడో చెక్కించిన ఊళ్ళివి. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో మందుపాతర మీద పడి తోటివాళ్ళ ప్రాణాలు కాపాడిన మద్రాస్ సాపర్ సుబేదార్ సుబ్రమణియన్‌కు జార్జ్ క్రాస్ దక్కింది. దక్కాల్సిందే. అయితే యుద్ధం నుంచి బతికొచ్చి, ముప్ఫై ఏళ్ళు పనిచేసి, పదిమందికి పని నేర్పి, ముసలితనంలో మంచాన పోయినవాడికి రాయి లేదు, రాత లేదు.

2022లో అగ్నిపథ్ వచ్చినాక ఈ ప్రశ్న ఇంకా బరువెక్కింది. ఇప్పుడు చేరే కుర్రాడికి నాలుగేళ్ళే సర్వీసు. వందలో 25 మందిని ఉంచుకుంటారు, మిగతావాళ్ళు సుమారు 11.71 లక్షల సేవానిధితో, నైపుణ్యం సర్టిఫికెట్టుతో ఇంటికొస్తారు. పెన్షన్ లేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకు రెండో బతుకు మొదలుపెట్టాలి. వాళ్ళనూ గేటు దగ్గరే నిలబెడతామా? పల్టన్ పనిని ఫ్యాక్టరీ పనిగా ఎట్లా మార్చుకోవాలో చేసి చూపించినవాళ్ళు ఈ ఊళ్ళలోనే ఉన్నారు. వాళ్ళను ఒక పూట హోసూరు ఐటీఐకి పిలిచి కుర్రాళ్ళ ముందు కూర్చోబెట్టడానికి ఏ జీవో కావాలి?

ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం జరుగుతుంది. చందా డబ్బాలు తిరుగుతాయి, ఫోటోలు పడతాయి. ఆ రోజు జిల్లాలోని ప్రతి మాజీ సైనికుడి దగ్గరా మూడే మూడు సంగతులు అడిగి రాసుకోవచ్చు. మీ ట్రేడు ఏది? దాంతో ఏమేం చేసినారు? ఎవరికి నేర్పినారు? తమిళంలో రాసినా మంచిదే, తెలుగులో రాసినా మంచిదే. సంఘాలు, ఆఫీసులు కదిలేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఇంట్లో పెద్దాయన ఉంటే మనవడి చేతిలో ఫోను ఎట్లాగూ ఉంటుంది. రికార్డు బటన్ నొక్కి, “తాతా, ఆ వంతెన ఎట్లా కట్టినావో చెప్పు” అని అడిగితే ఆయన ఒక పూట కాదు, వారం రోజులు చెప్తాడు.