ధార పెరిగితే మురవకండి

సాంచాల ఊరు మా సిరిసిల్లకు నైలాన్ కొత్త కాదు. వాటర్ ప్లాంటులోని ఆర్‌ఓ పొర కూడా ఆ జాతిదే: పాలీఅమైడ్. ఉప్పును ఆపే ఆ పలుచటి పొర మందం సుమారు 0.2 మైక్రాన్లు, అంతే!

జిగురు పట్టిందని కొందరు బ్లీచింగ్ నీళ్లతో కడుగుతుంటారు. జిగురు పోతుంది, ధార పెరుగుతుంది, బాగైందనుకుంటాం. కానీ క్లోరిన్ ఆ పొర బంధాలను తెంపుతూ పోతుంది. ఇక ఉప్పు, ఫ్లోరైడ్ దాటొస్తాయి. ఫ్లోరైడ్ సంగతి నాలుకకు తెలియదు.

ప్లాంటు నడిపే తమ్ముళ్లకు నేను చెప్పేదొకటే. సున్నం పేరుకుంటే సిట్రిక్ యాసిడ్, జిగురుకు పలుచటి కాస్టిక్ సోడా వాడండి, అదీ కంపెనీ చెప్పిన పాళ్లలోనే. క్లోరిన్ కలిసిన నల్లా నీళ్లను ముందు కార్బన్ ఫిల్టర్ దాటించండి. కడిగాక టీడీఎస్ మీటరు పెట్టండి. అంకె మునుపటికన్నా పెరిగిందా? ఆ క్యాను ఇంటింటికీ పంపకండి.